దాహానికి సాకులు

శ్రీ సిటీలో మనిషికి దాహం వేస్తే కారణం వెతుక్కోనక్కర్లేదు. సత్యవేడు ఎండ ఉండనే ఉంది. ఒళ్ళు తూలితే నైట్ షిఫ్టు, కళ్ళు మసకబారితే నిద్రలేమి. 2008లో శ్రీ సిటీ వెలిసిన దగ్గర్నుంచీ మా వైపు రోగాలకు సాకుల కరువు లేదు.

మా మేనల్లుడు అక్కడే పని. మొన్న వేసవిలో మా ఇంటికొచ్చి చెంబుల కొద్దీ నీళ్ళు తాగాడు. "ఎండలు గదా మామా!" అన్నాడు. సరే, ఎండలే. మరి రాత్రి నాలుగుసార్లు లేవడమెందుకు? ఎండ దాహమైతే నీళ్ళు చెమటగా పోతాయి, మూత్రం తగ్గి పచ్చగా అవుతుంది. దాహమూ మూత్రమూ రెండూ పెరిగాయంటే లెక్క వేరు. నెత్తురులో చక్కెర సుమారు 180 దాటితే మూత్రపిండాలు దాన్ని పట్టి ఉంచలేవు. పోయే చక్కెర నీళ్ళను కూడా వెంటబెట్టుకుపోతుంది. మూత్రానికి చీమలు పట్టడం మన పూర్వపు వైద్యులు ఏనాడో గమనించారు. కంపెనీ మరుగుదొడ్లలో చీమల్ని ఎవరు చూస్తారు లెండి!

"ముప్పై నాలుగేళ్ళకే షుగరేంది మామా!" అని నవ్వాడు. బూటు కరిచిన పుండు మూడు వారాలైనా మానలేదనీ, బెల్టుకు కొత్త రంధ్రం పొడిపించాననీ ఆ నవ్వులోనే చెప్పాడు. చెప్పి, తనే ఆగిపోయాడు.

మర్నాడు పరగడుపున పరీక్ష. 126 చేరితేనే షుగరంటారు, వాడికి 238. మందుల చీటీ తిప్పి తిప్పి చూశాడు.

"నైట్ షిఫ్టులో అన్నం ఎన్నింటికి తినాల్నో ఇందులో లేదే మామా?"

మళ్ళీ వెళ్ళి డాక్టరు గది తలుపు తట్టాం.