తిరువూరు రోడ్డులో రూపాయి బిళ్లంత కాక్‌పిట్!

విజయవాడలో తిరువూరు బస్సెక్కితే ముందు ఇబ్రహీంపట్నం, తర్వాత కొండపల్లి, మైలవరం, ఎ.కొండూరు. చాలాచోట్ల రోడ్డుకు అటూ ఇటూ మామిడి తోటలే. తిరువూరు దాటి కాస్త ముందుకెళ్తే తెలంగాణ. విమానాల పిచ్చి ఉన్నవాళ్లకు ఈ రూట్‌లో ఏముంది అంటారా? ఫోన్‌కు ఫుల్ ఛార్జింగ్ పెట్టుకుని బయల్దేరండి, చెప్తా.

మొదట కొండపల్లిలో దిగండి. ఇక్కడి బొమ్మలకు వాడే తెల్ల పొణికి చెక్క చేతిలోకి తీసుకుంటే బరువే తెలీదు. రిమోట్‌తో ఎగిరే మోడల్ విమానాలు చేసేవాళ్లకూ ఇలాంటి తేలిక చెక్కే కావాలి. వాళ్లు వాడేది దక్షిణ అమెరికా బాల్సా. అయితే బొమ్మకు రంగులేస్తే పని అయిపోతుంది. అసలు విమానాన్ని అచ్చు గుద్దినట్టు చేయాలనుకునేవాళ్లు మాత్రం కాక్‌పిట్ దగ్గర ఆగిపోతారు.

ముల్లు తిరగాల్సిందే!

డయల్ ఫొటో ప్రింట్ తీసి అతికిస్తే సరిపోదా? కొందరికి సరిపోదు. ముల్లు నిజంగా తిరగాలి. అసలు చిన్న విమానంలో డయల్ వెడల్పు సుమారు 8 సెంటీమీటర్లు. నాలుగో వంతు సైజు మోడల్‌లో అది 2 సెంటీమీటర్లే, అంటే దాదాపు రూపాయి బిళ్లంత. దాని వెనక బుల్లి మోటారో, చిన్న స్క్రీనో ఇమడ్చాలి. రెక్కకు పెట్టిన సన్నని పిటాట్ గొట్టంలోకి ఎదురుగాలి దూరితే ఆ ఒత్తిడిని బట్టి వేగం తెలుస్తుంది. చుట్టూ ఉన్న గాలి పీడనం ఎత్తు చెబుతుంది. ఎటు ఒరిగిందో జైరో పట్టేస్తుంది. చిప్ లెక్కగట్టి ముల్లు తిప్పుతుంది.

లోపల కూర్చున్నది బొమ్మ పైలట్. మరి ఎవరు చూడాలని ఇంత తంటా? కాక్‌పిట్‌లో చిన్న కెమెరా పెడితే నేల మీద నిలబడ్డ మీరే చూస్తారు, గాగుల్స్‌లో!

ఇవే సెన్సర్లు మీ జేబులోనూ ఉన్నాయి. ఫోన్‌లో బారోమీటర్ ఉంటే కొండ కింద ఒకసారి, పైన కొండపల్లి కోట దగ్గర ఒకసారి రీడింగ్ తీయండి. తగ్గిన ప్రతి హెక్టోపాస్కల్‌కూ సుమారు 8 మీటర్లు ఎక్కినట్టు. మబ్బు పట్టి వాతావరణం మారితే మీరు కదలకపోయినా అంకె మారుతుంది. అందుకే ఎగిరే ముందు ఆల్టీమీటర్‌ను సెట్ చేస్తారు.

పొలం గట్టే కాక్‌పిట్

ఇక తిరువూరుకు పదండి. పత్తి, మిరప చేలు కనిపిస్తాయి. మందు కొట్టే డ్రోన్ ఇలాంటి పైరుకు రెండు మూడు మీటర్ల పైనే వెళ్లాలి. మరీ పైకెళ్తే మందు గాలికి పక్క చేలో పడుతుంది, కిందికొస్తే మొక్కలకు తగులుతుంది. బారోమీటర్ ఒక్కదాన్నే నమ్మితే కుదరదు కాబట్టి చాలా వ్యవసాయ డ్రోన్లకు కింద రాడార్ కూడా ఉంటుంది. గట్టు మీద నిలబడి స్క్రీన్‌లో ఎత్తు, వేగం, బ్యాటరీ చూసుకునే కుర్రాడు పైలటే. ఆ స్క్రీనే అతని కాక్‌పిట్. అంకె తప్పు చెబుతోందని అతను పసిగట్టలేకపోతే నష్టం రైతుకే.

2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 18 ఏళ్లు నిండి, పదో తరగతి పాసైతే గుర్తింపు ఉన్న సంస్థలో శిక్షణ పొంది రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. అంతకన్నా చిన్నవాళ్లా? ఒక సెన్సర్, ఒక చిన్న మోటారు, అట్టముక్క మీద గీసిన డయల్‌తో మొదలుపెట్టండి. మేడ మెట్లెక్కుతుంటే ముల్లు కదిలిందంటే మీ మొదటి ఆల్టీమీటర్ రెడీ.