పేరు పెట్టి పిలిచే కాపరి



ఈ వారం ఒక సాక్ష్యం రాస్తున్నాను. దేవుడు నా చేత చేయించిన గొప్ప కార్యమేదో చెబుతానని అనుకోకండి. ఇది నా తప్పు గురించిన సాక్ష్యం. ఆ కుటుంబాన్ని అడిగి, వాళ్లు రాయమన్నాకే రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయడం లేదు. మన ఊరివాళ్లకు ఎలాగూ తెలుస్తుంది.

పోయిన వర్షాకాలంలో పాస్టర్లకు ఆన్‌లైన్‌లో ఒక శిక్షణ జరిగింది. అంశం ‘ప్రపంచీకరణ యుగంలో క్రైస్తవ నాయకత్వం’. నాలుగు రాత్రులు, రాత్రికి రెండు గంటలు. నేను బైబిలు కళాశాలలో డిప్లొమా పూర్తిచేసి 20 ఏళ్లు దాటింది. ఆ తర్వాత కూర్చుని చదువుకున్నది తక్కువ. పల్లెటూరి పాస్టరుకు అలాంటి పిలుపు వస్తే లోపల కాస్త గర్వం కూడా కలుగుతుంది. అబద్ధమెందుకు, నాకు కలిగింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, వెనక గోడకున్న క్యాలెండరు తీసేసి, మా అబ్బాయి లాప్‌టాప్ ముందు కూర్చున్నాను.

అదే వారం మన సంఘంలో ఒక మామ్మగారు మంచాన పడి ఉన్నారు. ఆవిడ ఒక్కగానొక్క కూతురు కువైట్‌లో ఒకరింట్లో వంటపని చేస్తోంది. మూడో రోజు మధ్యాహ్నం వెళ్లి ప్రార్థన చేసి లేవబోతుంటే మామ్మగారు నా చెయ్యి వదల్లేదు. “సాయంత్రం మళ్లీ వస్తారా అయ్యగారూ?” అన్నారు. “వస్తానమ్మా” అన్నాను.

సాయంత్రం వాన పట్టుకుంది. కాస్త తగ్గాక వెళ్దామనుకున్నాను. ఇంతలో ఏడున్నర అయింది. అమ్మగారు స్త్రీల సమాజం పని మీద పక్క ఊరు వెళ్లారు. శిక్షణ అయ్యాక వెళ్లవచ్చులే అనుకుని ఫోను సైలెంట్‌లో పెట్టి బల్ల మీద బోర్లించాను.

ఆ రాత్రి బోధించినాయన చాలా బాగా చెప్పారు. మధ్యలో ఒక ప్రశ్న అడిగారు: మీ సంఘానికి ఇప్పుడు అన్నిటికంటే అవసరమైనది ఏమిటో ఒక్క మాటలో రాసి పంపండి. నేను ‘నాయకులు’ అని రాశాను.

తొమ్మిదిన్నరకు ఫోను తిప్పి చూస్తే మూడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. మూడూ మామ్మగారి పక్కింటి కుర్రాడివే. వానలో తడుచుకుంటూ పరుగెత్తాను. నేను వెళ్లేసరికి ఆవిడ ప్రభువునందు నిద్రించి ముప్పావుగంట అయింది.

మర్నాడు తెల్లవారుజామున కువైట్ నుంచి కూతురు ఫోను చేసింది. ఆమె నన్ను నిలదీయలేదు. “అయ్యగారండీ, ఆఖర్న మీరు చేసిన ప్రార్థన అమ్మకి వినపడిందా అండీ?” అని అడిగింది. నేను అక్కడే ఉన్నాననుకుంది పాపం.

ప్రియులారా, ఆ క్షణంలో అబద్ధం చెప్పడం ఎంత సుళువో మీకు చెప్పలేను. దూరాన ఏడుస్తున్న బిడ్డ మనసు కుదుటపడుతుంది గదా అని ఒక సాకు కూడా సిద్ధంగా ఉంది. కానీ నోరు రాలేదు. “నేను లేనమ్మా. వస్తానని మాటిచ్చి వెళ్లలేదు. నన్ను క్షమించు” అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత ఆమే జరిగింది చెప్పింది.

ఆ కుర్రాడు నాకు మూడుసార్లు చేసి, నేను ఎత్తకపోయేసరికి, కువైట్‌కి వీడియో కాల్ చేశాడట. అక్కడ అప్పుడు సాయంత్రం ఆరు. ఆమె పొయ్యి దగ్గర ఉంది. విషయం తెలిసి ఆ ఇంటి యజమానురాలు తానే పొయ్యి కట్టేసి, వెళ్లి మీ అమ్మతో మాట్లాడుకో అందట. ఆమెది మన విశ్వాసం కాదు, మన భాషా కాదు. కూతురు ఫోనులోనే తల్లికి ఇష్టమైన పాట పాడింది. మామ్మగారు కళ్లు తెరిచి కూతురి ముఖం చూశారట. కుర్రాడు చెయ్యి నొప్పెట్టినా కదలకుండా, మామ్మగారి కళ్లకు ఎదురుగా ఫోను పట్టుకునే ఉన్నాడు.

ఆ కుర్రాడు మీకు తెలుసు. సండేస్కూల్లో అల్లరి చేస్తున్నాడని నేనే రెండుసార్లు బయట నిలబెట్టాను. తర్వాత వాణ్ణి అడిగాను, పాస్టరు ఇల్లు రెండు వీధుల అవతలే గదా, పరుగెత్తి రావచ్చు గదా అని. “మామ్మని ఒక్కదాన్నీ వదిలేసి ఎలా వస్తానండీ?” అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి మన సంఘానికి నాయకులు కావాలని నేను రాసి పంపుతున్న వేళ, నాయకుడు రెండు వీధుల అవతల ఫోను పట్టుకుని నిలబడి ఉన్నాడు.

కొన్నాళ్లకు నాకు శిక్షణ సర్టిఫికెట్ వచ్చింది. అందులో నా ఇంటిపేరు తప్పు పడింది. మొదట నవ్వొచ్చింది. తర్వాత యోహాను సువార్త 10వ అధ్యాయం గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. మంచి కాపరి తన గొర్రెలను పేరు పెట్టి పిలుస్తాడని అక్కడ మన ప్రభువు చెప్పాడు. జీతగాడు తోడేలు రావడం చూసి పారిపోతాడనీ చెప్పాడు. నేనెక్కడికీ పారిపోలేదు, ఇంట్లోనే కూర్చున్నాను. అయినా గొర్రెకు మాత్రం కాపరి దొరకలేదు.

శిక్షణదే తప్పని నేననను. దూరం తప్పు కాదు, ఫోను తప్పు కాదు. దూరంగా ఉన్నవారిని నడిపించడం సంఘానికి మొదటి నుంచీ ఉన్న పనే. పౌలు రోమా పత్రిక రాసేనాటికి ఆ పట్టణం వెళ్లనే లేదు. అయినా 16వ అధ్యాయం తీసి చూడండి. ప్రిస్కిల్ల, అకుల, మరియ, పెర్సిసు అంటూ 20కి పైగా పేర్లు రాసి వందనాలు చెప్పాడు. ఎవరు తన కోసం ప్రాణానికి తెగించారో, ఎవరు ప్రభువునందు ప్రయాసపడ్డారో గుర్తుపెట్టుకుని రాశాడు. రూఫు తల్లిని తనకూ తల్లి అని చెప్పుకున్నాడు. ఉత్తరం అంత దూరం ప్రయాణం చేసినా అందులో మనుషులు గుంపుగా మారిపోలేదు. ఒక్కొక్కరు ఒక్కొక్కరుగానే ఉన్నారు.

కళాశాల రోజుల్లో మమ్మల్ని డోర్నకల్ తీసుకువెళ్లారు. బిషప్ అజరయ్య గారి పరిచర్య గురించి అక్కడే శ్రద్ధగా విన్నాను. ఆయన తమిళుడు. 1909లో డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకుని మన ప్రజల మధ్య పనిచేశారు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో మాట్లాడారు. పాశ్చాత్య మిషనరీలు చేసిన త్యాగాలను ఒప్పుకుంటూనే, భారతీయ సేవకులకు వారి నుంచి దొరకనిది స్నేహమని నిర్మొహమాటంగా చెప్పారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్‌గా అభిషిక్తులయ్యారు. అంత పెద్ద వేదిక ఎక్కిన మనిషి తిరిగి పల్లెలకే వచ్చారు. 1945లో డోర్నకల్‌లోనే కన్నుమూశారు. చదువుకునే రోజుల్లో నాకు ఎడిన్‌బరో ప్రసంగం గొప్పగా అనిపించేది. ఇప్పుడు ఆయన తిరిగి వచ్చిన దారి గొప్పగా అనిపిస్తోంది. ఆ వేదిక మీద ఆయన అడిగింది కూడా మనిషికి మనిషి తోడుగా నిలవమనే గదా.

ఈ మధ్య పాస్టర్లం కలిస్తే ఒకరినొకరం అడిగే ప్రశ్నలు మారిపోయాయి. యూట్యూబ్‌లో ఎంతమంది చూస్తున్నారు, ఏ దేశం నుంచి అతిథులు వచ్చారు అంటున్నాం. యాకోబు, యోహాను కుడి ఎడమల కూర్చునే చోటు అడిగినట్టే మేమూ అడుగుతున్నాం. గొప్పవాడు కావాలనుకునేవాడు పరిచారకుడై ఉండాలని ప్రభువు వారికి చెప్పిన మాట (మార్కు 10) మీకు ఎన్నోసార్లు బోధించాను. అది నాకే చెప్పిన మాట అని మామ్మగారి గుమ్మంలో తడిసి నిలబడ్డప్పుడు తెలిసింది.

మామ్మగారి భూస్థాపన అయ్యాక ఒక నోటుపుస్తకం కొన్నాను. మన సంఘంలో 62 కుటుంబాలు. అందులో 27 ఇళ్ల నుంచి ఎవరో ఒకరు బయట ఉన్నారు. కువైట్, ఖతర్, మస్కట్, హైదరాబాద్, బెంగళూరు, ఒకబ్బాయి డల్లాస్. అందరి పేర్లూ రాశాను. రాస్తుంటే నలుగురి పేర్లు నాకు గుర్తు రాలేదు. వాళ్లకు బాప్తిస్మం ఇచ్చింది నేనే. సిగ్గుపడి వాళ్ల ఇళ్లకు వెళ్లి అడిగి రాసుకున్నాను.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఆ పుస్తకం నుంచి కొన్ని పేర్లు చదివి ప్రార్థిస్తున్నాం. శుక్రవారం గల్ఫ్‌లో కొందరికైనా సెలవు గనుక ఆ సాయంత్రం మందిరంలో ఫోను పెట్టుకుని వారితో మాట్లాడుతున్నాం. ఆ పని ఎవరికి అప్పగించామో వేరే చెప్పాలా? వాడే చేస్తున్నాడు. అల్లరి మాత్రం తగ్గలేదు.

దూరాన ఉన్న నా బిడ్డలారా, మందిరానికి టైల్స్ వేయించారు, మైకులు పంపారు. దేవుడు మిమ్మల్ని దీవించును గాక. ఇప్పుడు నాకు ఒకటి పంపండి. మీకు మాట్లాడటానికి వీలయ్యే సమయం ఏదో రాసి పంపండి. మీ అమ్మ మోకాళ్ల నొప్పి గురించి, మీ నాన్న కంటి ఆపరేషన్ గురించి నేను చూసి వచ్చి చెబుతాను. మీరక్కడ పడుతున్న కష్టం ఇంట్లో చెప్పుకోలేకపోతే నాతో చెప్పండి. ఊళ్లో ఉన్నవారలారా, మీ వీధిలో ఒంటరిగా ఉన్న పెద్దవారి ఇంటికి నేను వచ్చేదాకా ఆగకండి. ముందు మీరు వెళ్లండి.

మామ్మగారి కూతురు సెలవు దొరికి ఈ క్రిస్మస్‌కు వస్తోంది. ఆమెతో కలిసి సమాధి దగ్గరకు వెళ్తానని మాటిచ్చాను. ఈసారి వాన వచ్చినా వెళ్తాను. నా కోసం ప్రార్థించండి.

పరలోకపు తండ్రీ, మమ్మల్ని పేరు పేరునా ఎరిగినవాడా, నీ మందలో ఎవరి పేరునూ మరచిపోని మనసు నాకు దయచేయుము. ఆమేన్.