పోగు ఎక్కడ తెగింది?

రాత్రి పదకొండు దాటింది. 2020 మే నెల. సూరత్‌లోని లింబాయత్‌లో రెండు గదుల ఇల్లు. పేరు, ఆధార్ నంబరు, వెళ్లాల్సిన జిల్లా, వెంట వచ్చేవారి సంఖ్య... ఒక్కో గడీ నింపుకుంటూ వచ్చిన అకౌంటెంటు చివరికి ఫొటో జతచేసి ఆఖరి బటన్ నొక్కారు. తెల్లటి చక్రం రెండుసార్లు తిరిగింది. బ్రౌజర్ మాయమైంది. తెర మీద మిగిలింది తిరుమల గోపురం వాల్‌పేపర్ ఒక్కటే.

"మళ్ల పోయిందా సారూ?" గుమ్మం బయట మాస్కు కట్టుకుని నిల్చున్న కుర్రాడు అడిగాడు.

పోయింది. ఆ రాత్రికి అది ఆరోసారి. బల్ల మీదున్న నోటుపుస్తకంలో 34 పేర్లున్నాయి. అందులో కొట్టేసినవి నాలుగే.

చిక్కుకుపోయిన వలస కార్మికులు సొంత రాష్ట్రాలకు వెళ్లవచ్చంటూ కేంద్ర హోంశాఖ ఆదేశాలిచ్చింది ఆ ఏడాది ఏప్రిల్ 29న. మే 1న తొలి శ్రామిక్ రైలు కదిలింది మన లింగంపల్లి నుంచే, జార్ఖండ్‌లోని హటియాకు. ఆ వార్త టీవీలో చూసినప్పటి నుంచి లింబాయత్ గల్లీల్లో నిద్ర లేదు. సూరత్ తెలుగువారికి ఊరంటే నవజీవన్ ఎక్స్‌ప్రెస్. రాత్రికి రాత్రి తాప్తి లైను పట్టుకుని, వార్ధా, బల్లార్షా దాటి వరంగల్‌లో దించేసే బండి. మార్చి చివరి వారం నుంచి దేశంలో ప్రయాణికుల రైళ్లన్నిటితోపాటు అదీ ఆగిపోయింది. ఇక మిగిలిన దారి ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుని పిలుపు కోసం ఎదురుచూడడమే.

సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ ప్రాంతాల నుంచి సాంచాల పని కోసం భివండీకి, సోలాపూర్‌కు, సూరత్‌కు వలస పోవడం ఒక తరం ముచ్చట కాదు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతూ వచ్చిందంటే అక్కడ మనవాళ్లు ఎందరో ఊహించుకోవచ్చు. సాంచాలు ఆగాయి. కూలి ఆగింది. గది కిరాయి మాత్రం ఆగలేదు. గల్లీలో చాలామంది చేతుల్లో ఉన్నవి బటన్ల ఫోన్లు. అకౌంటెంటు ఇంట్లోని ఒక్క స్మార్ట్‌ఫోన్ తెర పగిలి కీబోర్డు సగం పనిచేయదు. హాట్‌స్పాట్‌గా నెట్ ఇవ్వడానికి తప్ప కొరగాదు. కాబట్టి అందరి ఆశా ఆ పాత కంప్యూటర్ మీదే. విండోస్ 7. మైక్రోసాఫ్ట్ దానికి మద్దతు ఆపేసి అప్పటికి నాలుగు నెలలు. పగలంతా చీరల వ్యాపారుల లెక్కలు చూసేందుకు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. రిపేరు షాపులన్నీ మూతబడ్డాయి. జబ్బు ఏమిటో ఇంట్లోనే తేల్చుకోవాలి.

మొదటి మూడు రాత్రులు ఆయన చేసింది వైద్యం కాదు, కంగారు. బ్రౌజర్ తీసేసి మళ్లీ వేశారు. క్యాషే, కుకీలు తుడిచేశారు. యాంటీవైరస్ ఆపారు, తర్వాత భయమేసి మళ్లీ పెట్టారు. ఫోన్‌ను కిటికీ దగ్గరికి జరిపారు. వోల్టేజి తేడా అనుకుని ఫ్రిజ్ ఆపించారు. ఇవన్నీ ఒకే గంటలో. కాసేపు బాగానే ఉన్నట్లుండేది. ఒక ఫారం పూర్తయ్యేది. రెండోది సగంలో కూలేది. దేనివల్ల బాగుపడిందో తెలియదు, దేనివల్ల చెడిందో తెలియదు. గుమ్మం ముందు మనుషులు నిల్చుంటే ఎవరికైనా చేతులు అలాగే ఆడతాయేమో.

నాలుగో రోజు ఎదురింటి పెద్దాయన ఒక అనుమానం తెచ్చారు. "గప్పుడు టీవీల చెప్పిండ్రు గద సారూ, తెలుగు అక్షరం కొడితె ఫోన్లు కరాబయితున్నయని. మనోళ్ల పేర్లు తెలుగుల పెడుతున్నవా ఏంది?"

నవ్వి తీసిపారేయదగ్గ అనుమానం కాదది. 2018 ఫిబ్రవరిలో అలాంటిది నిజంగానే జరిగింది. జ, పొల్లు, ఞ, కంటికి కనబడని ఒక విడదీత గుర్తు, దీర్ఘం. ఈ అయిదూ ఆ వరుసలో వస్తే ఐఫోన్లు, మాక్ కంప్యూటర్లలో ఆ అక్షరాన్ని చూపబోయిన అప్లికేషన్ కుప్పకూలేది. మెసేజీల యాప్ కావచ్చు, బ్రౌజర్ కావచ్చు. తెర మీద దాన్ని గీసే అక్షర యంత్రాంగమే తడబడింది. ఫిబ్రవరి 19న యాపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిదిద్దింది. మామూలుగా మనం టైపు చేసే జ్ఞాలో ఆ కనబడని గుర్తు ఉండదు, అందుకే అంతకాలం ఎవరి కంటా పడలేదు. జ్ఞానం అనే మాట మొదటి అక్షరమే అంత ఖరీదైన ఫోన్లను పడగొట్టిందని తెలుగువాళ్లు కొన్నాళ్లు జోకులేసుకున్నారు. అసలు కంప్యూటర్‌లో తెలుగు ఎన్నడు సుఖంగా ఉంది గనుక? 2000ల తొలి ఏళ్లలో నెట్‌సెంటర్‌లో తెలుగు పత్రిక తెరిస్తే, ఆ పత్రిక సొంత ఫాంటు దిగేదాకా అక్షరాల బదులు పిచ్చి గీతలు కనిపించేవి. ఒక పత్రిక ఫాంటు ఇంకో పత్రికకు పనికొచ్చేది కాదు. యూనికోడ్ వ్యాప్తిలోకి వచ్చాకే ఆ బాధ తగ్గింది.

అయినా ఇక్కడ దోషి తెలుగు కాదు. ఫారం నింపుతున్నది ఇంగ్లిషులో. కంప్యూటర్ విండోస్‌ది. పెద్దాయన తృప్తి కోసం ఆయన ఒక తెలుగు పేజీ తెరిచి పావుగంట చదివి చూపించారు. ఏమీ కాలేదు.

దారి చూపింది కూతురు. బీకాం చదువుతోంది. "బాపూ, ట్రయల్ బ్యాలెన్సు కలవకపోతే అన్ని పద్దులూ ఒకేసారి దిద్దుతావా?"

ముప్పై ఏళ్ల వృత్తిలో ఆయన ఎన్నడూ అలా చేయలేదు. తేడా వస్తే లెడ్జర్‌ను సగం చేసి, తప్పు ఏ సగంలో ఉందో చూసి, దాన్ని మళ్లీ సగం చేయడం ఆయనకు అన్నం తిన్నంత అలవాటు. కంప్యూటర్ ముందు మాత్రం ఆ బుద్ధి గుర్తుకు రాలేదు. నోటుపుస్తకం వెనక పేజీలో గీతలు గీశారు. ఏం మార్చాం, ఎన్ని నిమిషాలకు కూలింది. ఒకసారికి ఒకే మార్పు.

మొదట ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచారు. మనం వేరే అనుమతిస్తే తప్ప అందులో ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు. తొమ్మిది నిమిషాలకు కూలింది. అంటే తప్పు ఎక్స్‌టెన్షన్లది కాదు. కొత్త ప్రొఫైల్ సృష్టించారు. నాలుగు నిమిషాలు. సెట్టింగుల్లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపారు. పదిహేను నిమిషాలు ఆగి, ఆశ పుట్టించి, కూలింది. తర్వాత అసలు వేరే బ్రౌజరే వేశారు. అది ఏడు నిమిషాలకే పోయింది.

అక్కడ లెడ్జర్ సగమైంది. రెండు వేర్వేరు కంపెనీల బ్రౌజర్లు ఒకే తీరుగా, ఒక్కోసారి ఒక్కో వేళకు కూలుతున్నాయంటే తప్పు వాటిది కాకపోవచ్చు. వాటి కింద ఉన్నదేదో కదులుతోంది. మరి లెక్కల ట్యాలీ ఎందుకు కూలడం లేదు? టాస్క్ మేనేజర్ తెరిస్తే జవాబు కనిపించింది. ట్యాలీ వాడే మెమరీ పిసరంత. బ్రౌజర్‌ది రాజుల భోజనం. 2008 సెప్టెంబరులో వచ్చిన క్రోమ్ ఒక్కో ట్యాబ్‌ను విడి ప్రాసెస్‌గా నడిపే పద్ధతిని ఇంటింటికీ తెచ్చింది. ఒక పేజీ చస్తే మిగతావి బతకాలన్నది దాని ఉద్దేశం. బదులుగా మెమరీ ఎక్కువ తింటుంది. ర్యామ్‌లో ఏ మూలైనా చెడి ఉంటే, చిన్న ప్రోగ్రాములు అటు పోకుండానే రోజు గడిపేస్తాయి. ఇల్లంతా తిరిగే బ్రౌజర్ కాలే ముందు ఆ గుంటలో పడుతుంది.

విండోస్‌లోనే మెమరీ పరీక్ష ఒకటుంది. సిస్టమ్‌ను మళ్లీ ఆన్ చేసి నీలం తెర మీద తన పని తాను చేసుకుపోతుంది. ఇరవై నిమిషాలు తండ్రీ కూతుళ్లు మాట్లాడకుండా చూశారు. హార్డ్‌వేర్ లోపం కనిపించిందన్న వాక్యం రాగానే కూతురు చప్పట్లు కొట్టింది. జబ్బు దొరికినందుకు సంతోషించే సందర్భాలు అలాంటివే.

కేబినెట్ మూత విప్పితే సూరత్ అంతా లోపలే ఉంది. ఫ్యాను రెక్కల మీద, స్లాట్ల సందుల్లో సన్నటి పాలిస్టర్ నుసి, తెల్లటి పరుపులా. పక్క షెడ్డులో మూడు షిఫ్టులు సాంచాలు నడిచిన ఏళ్ల నాటిది. మెత్తటి కుంచెతో దులిపారు. రెండు ర్యామ్ పట్టీలు తీసి, పసుపు రంగు అంచులను స్కూలు పిల్లల రబ్బరుతో రుద్దారు. ఏ రిపేరు షాపులోనైనా మొదట చేసే పని అదే. పెట్టి చూస్తే మళ్లీ అదే వాక్యం. ఇక ఒక్కో పట్టీ విడిగా. మొదటిది ఒంటరిగా పరీక్ష నెగ్గింది. రెండోది ఓడింది. స్లాటు మార్చి పెట్టారు. అక్కడా ఓడింది. స్లాటు మంచిదే, పట్టీయే చెడింది.

సంగతి విని పెద్దాయన తన భాషలో తేల్చేశారు. "పేక తెగితె సాంచ దానంతట అదే ఆగుతది. పడుగు పోగు తెగితె ఆగది సారూ. నడుస్తనే ఉంటది, బట్టల గీత పడుకుంట పోతది. మనం చూసిందాక తెల్వది."

ఈ మాటను కంప్యూటర్ శాస్త్రజ్ఞులు అంకెల్లో చెప్పారు. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు పది లక్షల సొంత కంప్యూటర్ల వివరాలు పరిశీలించి 2011లో ప్రచురించిన పత్రం ప్రకారం, హార్డ్‌వేర్ లోపంతో ఒకసారి కూలిన యంత్రం రెండోసారి కూలే అవకాశం నూరు రెట్ల వరకు పెరుగుతుంది. ఏదో ఒకసారి అయిందిలే అని వదిలేసి, సాఫ్ట్‌వేర్‌నే తిట్టుకునేవారు ఆ అంకె గుర్తుంచుకోవడం మంచిది.

చెడిన పట్టీకి బదులు కొత్తది కొనడానికి దుకాణం లేదు. మిగిలింది సగం మెమరీ. అందులో బ్రౌజర్ నడవాలంటే యాంటీవైరస్ స్కాన్ రాత్రి ఒంటిగంటకు జరిపి, ట్యాలీ మూసి, ఒకే ఒక్క ట్యాబ్‌తో సరిపెట్టుకోవాలి. ఫొటోలను ముందే పెయింట్‌లో చిన్నవి చేసి పెట్టుకోవాలి. పేజీ తెరుచుకోవడానికి నిమిషం పట్టేది. అయినా కూలలేదు.

ఆ రాత్రి గుమ్మంలో కుర్రాడు మళ్లీ నిల్చున్నాడు. సిరిసిల్లలో భార్యకు నెలలు నిండాయి. వరుసలో అతని పేరు ఇరవై రెండోది. ముందున్నవాళ్లు ఎవరూ ఏమీ అనకుండానే ఆయన ఆ పేరు ముందు తీసుకున్నారు. ఆఖరి బటన్ నొక్కాక చక్రం చాలాసేపు తిరిగింది. ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. బయట కుర్రాడి చేతిలో బటన్ల ఫోను టింగుమంది.

"నంబరు వచ్చింది కాకా."

అన్నాళ్లూ సారూ అన్నవాడు ఆ రాత్రి కాకా అన్నాడు. ఆయన ఆ నంబరు చదివించుకుని నోటుపుస్తకంలో రాసుకున్నారు. పిలుపు ఎప్పుడొస్తుందో ఆ నంబరు చెప్పదు. కుర్రాడు అది అడగలేదు, ఆయనా చెప్పలేదు. పేరు మీద గీత కొట్టి, అయిదో పేరు పైకి చదివారు.