నాలుగో నంబరు గది
– ఒక పూర్వ విద్యార్థి (1994–99)

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు, "నేనేం రాస్తాను సార్, కవినీ కాదు, నాయకుణ్ణీ కాదు" అన్నాను. "నీకు తెలిసిందే రాయవయ్యా" అన్నారాయన. నాకు బాగా తెలిసినవి రెండే. ఒకటి ఐదో తరగతి లెక్కలు, రెండోది ఇరుకు గది. లెక్కల గురించి సంచికలో రాస్తే ఎవరూ చదవరు. అందుకని రెండోదే రాస్తున్నాను.

మా రోజుల్లో నాలుగో నంబరు గదిలో 16 మందిమి ఉండేవాళ్ళం. గది 16 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. అంటే తలా 12 చదరపు అడుగులు. అందులో ట్రంకు పెట్టె పోను మిగిలిన చోట్లోనే పడక, చదువు, పోట్లాటలు అన్నీ! గోడలకు కింద సగం దాకా ముదురు ఆకుపచ్చ ఆయిల్ పెయింటు, పైన మాసిపోయిన సున్నం. ఉన్న ఒక్క కిటికీకీ పెట్టెలు అడ్డం పేర్చేశాం. గదిలో అటూ ఇటూ కట్టిన దండేల మీద తడి లుంగీలు. మధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాల్సిందే.

1998 దసరా సెలవుల్లో ఊరికి వెళ్ళని వాళ్ళం ఏడుగురం మిగిలాం. హాస్టలుకు వెల్ల వేయడానికి తెచ్చిన సున్నం కొంత మిగిలింది. "మీ గదికి మీరే వేసుకోండిరా, నేను చూపిస్తా" అన్నాడు కామాటి బాబాయ్. చిన్నప్పుడు సున్నం పనికి వెళ్ళినవాడాయన.

ముందు రంగు దగ్గరే గొడవ మొదలైంది. ఒకడు రోజా రంగన్నాడు. ఒకడు నాలుగు గోడలకు నాలుగు రంగులన్నాడు. నేను ముదురు నీలం కావాలని పట్టుబట్టాను. బాబాయ్ అందరిదీ విని, "ముదురు రంగు మీదకొచ్చిద్దిరా, లేత రంగు వెనక్కి పోద్ది. మీకు గోడలు మీదకి రావాలా, వెనక్కి పోవాలా?" అన్నాడు. దాంతో అందరం నోరు మూసుకున్నాం.

డ్రమ్ములో సున్నం రాళ్ళు వేసి నీళ్ళు పోస్తే కుతకుతా ఉడికింది. రాత్రంతా నాననిచ్చి, పొద్దున పాత పంచెలో వడకట్టి, నానబెట్టిన తుమ్మజిగురు, గుప్పెడు ఉప్పు కలిపాడు. చివర్లో చిటికెడు బట్టల నీలిమందు. అది పడితే తెలుపు ఇంకా తెల్లగా కనబడుతుందట. కళ్ళలో పడితే ప్రమాదమని మమ్మల్ని దూరంగా నిలబెట్టాడు. చేతులకు కొబ్బరినూనె రాయించాడు.

ఆయిల్ పెయింటు మీద సున్నం నిలవదు. ఆ ఆకుపచ్చ పట్టీని రెండు రోజులు రాళ్ళతో, గరుకు కాగితంతో గీకాం. అరచేతులు బొబ్బలెక్కాయి. మొదటి పూత వేశాక గోడ తడిసినట్టే ఉంది గానీ తెల్లగా లేదు. "పనంతా దండగైంది బాబాయ్" అన్నాను. "ఆరనీయరా" అన్నాడు. గాలి తగిలి ఆరేకొద్దీ తెల్లబడింది. మొత్తం మూడు పూతలు వేశాం. పైకప్పుకూ అదే సున్నం. గోడ ఎక్కడ ఆగిందో, కప్పు ఎక్కడ మొదలైందో కన్ను పట్టుకోలేకపోతే గది ఎత్తుగా కనబడుతుందని ఆ రోజే తెలిసింది.

పెట్టెలన్నీ కిటికీ కిందికి దించి ఒకే వరసలో పెట్టాం. దండేలు వరండాలోకి మార్చాం. అన్నిటికంటే కష్టమైంది సినిమా హీరోల బొమ్మలు తీయడం! సెలవుల నుంచి తిరిగొచ్చిన వాళ్ళు కొట్టుకున్నంత పని చేశారు. చివరికి ఎవడి హీరోను వాడు పెట్టె మూతకు లోపలివైపు అంటించుకునేట్టు రాజీ కుదిరింది. గోడ మీద అంబేద్కర్ గారి పటం ఒక్కటే మిగిలింది.

సున్నం గోడకు ఆనుకున్నందుకు ఆరు నెలలు మా చొక్కాల వీపులన్నీ తెల్లగానే ఉన్నాయి. స్కూల్లో "నాలుగో నంబరోళ్ళు" అని వెనక నుంచే గుర్తుపట్టేవాళ్ళు. అందుకేనేమో ఆ ఆయిల్ పెయింటు పట్టీ ఉండేది! అయినా సాయంత్రం ఆరింటిదాకా లైటు లేకుండా చదువుకున్నాం.

2013లో మా నాన్న పోయారు. అప్పటికి నేను గుంటూరులో ఒక పోర్షన్‌లో అద్దెకుంటున్నాను. 10 అడుగుల గది, చిన్న వంటిల్లు. నేనూ, నా భార్య. అమ్మను తీసుకొచ్చాం. ఆమె రెండు రోజులు గడప మీదే కూర్చుంది. మూడో రోజు, "నన్ను ఊళ్ళో దించిరారా నాయనా, ఇక్కడ నాకు ఊపిరాడటం లేదు" అంది. ఊళ్ళో ఆమెకు ఎవరూ లేరు. దించి వచ్చాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

గదిని అప్పుడు సరిగ్గా చూశాను. ఒక గోడకు మెరూన్, మిగతా వాటికి రోజా రంగు. మా పాత నాలుగో నంబరు గదే! ఇంటాయనను అడిగి, రెండో శనివారం, ఆదివారం కలిసొచ్చినప్పుడు నేనే కుంచె పట్టాను. కిటికీ ఉత్తరం వైపు ఉంది. ఎండ నేరుగా పడని గదిలో అచ్చ తెలుపు బూడిదలా కనబడుతుంది. అందుకని గోడలకు కాస్త పసుపు తగిలిన తెలుపు డిస్టెంపర్, కప్పుకు మాత్రం తెలుపు వేశాను. మెరూన్ కిందనుంచి తొంగిచూడకుండా ఆ గోడకు ముందు ప్రైమర్ కొట్టాను. గోడ రంగులోనే కర్టెన్ తెచ్చి, కిటికీ నెత్తిన కాకుండా కప్పుకు దగ్గరగా కట్టాను. మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టి సామానంతా దాని కిందికి తోశాను. నేల కనబడినంత మేరా గది పెరిగినట్టే ఉంటుంది. కిటికీకి ఎదురుగా అద్దం పెడితే పక్కింటి వేపచెట్టు రెండోవైపు కూడా కనబడింది.

అమ్మ మళ్ళీ వచ్చి చూసి, "గది కడిగినట్టుందిరా" అంది. పడుకుంటే అద్దంలో మనిషి కనబడకూడదని దాన్ని పక్కకు జరిపించింది. నాకు ఎంత సంతోషమో! కానీ మర్నాడు స్కూలు నుంచి వచ్చేసరికి మళ్ళీ గడప మీదే ఉంది. బట్టల సంచి ఒళ్ళో ఉంది.

ఆ సంచి చూశాకే హాస్టల్లో ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఎంత ఇరుకైనా అక్కడ తలా ఒక మేకు ఉండేది. ఇంకొకడి మేకుకు ఎవరూ చొక్కా తగిలించేవాళ్ళం కాదు. బొంబాయి పరేల్‌లో అంబేద్కర్ గారు చదువుకునే రోజుల్లో ఇంటిల్లిపాదీ ఒకే గదిలో ఉండేవారట. తండ్రి రాంజీ గారు కొడుకును పెందలాడే పడుకోబెట్టి, తాను రాత్రి రెండింటిదాకా మేలుకుని, అప్పుడు కొడుకును చదువుకు లేపి అదే చోట నడుం వాల్చేవారట. ఆ ఇరుకులోనూ కొడుక్కి ఆయన ఒక చోటు ఇచ్చారు. నేను గది అంతా మార్చాను గానీ, అందులో అమ్మకు చోటేదో చెప్పలేదు.

మంచాన్ని వంటింటి గోడకు జరిపి, కిటికీ పక్కన చాప పరిచాను. పైన ఆమె చేతికందే ఎత్తులో ఒక మేకు కొట్టాను. కొత్త రంగు రెండు పెచ్చులు రాలింది. "పాడు చేశావేంరా" అంటూనే అమ్మ లేచి వచ్చి సంచి దానికి తగిలించింది. ఊరి మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ గదిలో మాతో నాలుగేళ్ళు ఉంది.

తమ్ముళ్ళూ, మీ గదికి రంగు వేసేటప్పుడు లేత రంగు అడగండి. కిటికీకి పెట్టెలు అడ్డం పెట్టకండి. కొత్తగా చేరిన పిల్లవాడికి మొదటిరోజే ఒక మేకు చూపించండి. ఈసారి నాలుగో నంబరు గదికి వెల్ల వేస్తే నాకూ ఒక కబురు చేయండి. కుంచె తీసుకుని వస్తాను.