కొరియర్‌లో కార్‌నిక్‌కి

కార్‌నికోబార్‌కి టికెట్టు కొనుక్కుని ఎక్కే విమానం లేదు. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఓడ ఉంది. అదృష్టం బాగుంటే పవన్ హన్స్ హెలికాప్టర్‌లో సీటు దొరుకుతుంది. రన్‌వే మాత్రం నిక్షేపంలా ఉంది, కాకపోతే అది వైమానిక దళానిది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ దీవిని పట్టుకున్న జపాన్ సైన్యం నికోబారీలచేత వెట్టిచాకిరీ చేయించి వేసిన రన్‌వే అది. విశాఖలో రక్షణ శాఖకు చెందిన ఒక ఆఫీసులో స్టోర్ల లెక్కలు చూసే గుమాస్తాని నేను. 2014 జనవరిలో తనిఖీ పని పడితే ఆ రన్‌వే మీదే దిగాను. ఒంటి మీద యూనిఫాం లేదు, చేతిలో టికెట్టు లేదు. డ్యూటీ ఉత్తర్వు ఒక్కటే ఉంది.

చెన్నై పక్కన తాంబరం వైమానిక స్థావరంలో తెల్లవారకముందే హాజరవ్వాలి. ఆ విమానాన్ని అక్కడ కొరియర్ అంటారు. ఉత్తరాలు, మందులు, యంత్రాల విడిభాగాలు, సెలవు ముగించుకుని వెళ్లే జవాన్లు, భర్తల దగ్గరికి వెళ్లే భార్యాపిల్లలు, అందరికీ అన్నిటికీ అదే బండి. ముందు నా సంచి తూచారు, తర్వాత నన్ను తూచారు. మా ఇద్దరి బరువునూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసుకున్నారు. ఆపైన ఇండెమ్నిటీ బాండు. దారిలో ఏదైనా జరిగితే ప్రభుత్వం మీద దావా వేయనని సంతకం. పక్కనున్న కుర్రాళ్లు హాజరు పట్టీలో పెట్టినట్టు దాని మీద సంతకాలు గీకేశారు. నేను మాత్రం మొత్తం చదివాను. రోజూ కాగితాలు చదివే ఉద్యోగం కదా, అలవాటు పోదు.

అక్కడ సీటు ఎవరికన్న వరుసకు ఒక పద్ధతి ఉంది. అత్యవసరమైన సరుకు, డ్యూటీ మీద వెళ్లేవాళ్లు, సెలవు మీద వెళ్లేవాళ్లు, కుటుంబాలు. బరువు ఎక్కువైతే కింది నుంచి దింపుకుంటూ వస్తారు. ఆ రోజు ఒకావిడ, చంకలో బిడ్డతో, దిగిపోవాల్సి వచ్చింది. ఆవిడ ఏమీ అనలేదు, బిడ్డ మాత్రం ఏడ్చింది. డబ్బున్నవాడికి ముందు సీటు దొరికే పద్ధతికన్నా ఇది నయమే అనుకున్నాను. కానీ ఆ మాట ఆవిడతో అనగలిగేవాణ్ణి కాదు.

మేమెక్కిన కొరియర్ ఏఎన్-32, సోవియట్ కాలంలో కీవ్‌లో పుట్టిన విమానం. మన వైమానిక దళంలోకి 1984లో వచ్చింది. వేడి ప్రదేశాల్లో, ఎత్తయిన చోట్ల కూడా లేవగలగాలని దానికి బలమైన ఇంజన్లు పెట్టారు, అవి రెక్కల పైన ఉంటాయి. తోక కింద తలుపు వాలుగా కిందికి దిగుతుంది, సరుకుతో పాటు మనుషులూ అక్కడి నుంచే ఎక్కొచ్చు. లోపల గోడల వెంట రెండు వైపులా గుడ్డ సీట్లు. నడుమ వలకింద బిగించిన సరుకు. ఎదురుగా కూర్చున్న మనిషికీ నాకూ మధ్య టమాటాల బుట్టలు, ఏదో పంపు, ఒక సైకిలు. ఇంజన్లు వేయకముందే పక్కనున్న జవాను నా తెలుగు పేపరు చూసి పలకరించాడు.

"కొత్తా సార్? మాది టెక్కలి."

"ఆ, మొదటిసారే. మాది వైజాగ్."

"గోడకి ఆనుకోకండి, చల్లగా ఉంటాది. ఆ బుట్ట మీద మాత్రం కాళ్లెట్టకండి సార్, రేపటి చారు అదే."

ఆ తర్వాత మాటల్లేవు. ప్రొపెల్లర్లు తిరగడం మొదలయ్యాక చెవుల్లో దూది తప్ప ఇంకేదీ పనిచేయదు. మూడు గంటలకు పైగా ఆ మోతలోనే కూర్చోవాలి. గుండ్రటి అద్దంలోంచి చూడాలంటే మెడ వెనక్కి తిప్పాలి. తిప్పినా కనిపించేది నీళ్లే. చెన్నై దాటాక అండమాన్ దాకా, పదమూడు వందల కిలోమీటర్లకు మించి, దిగడానికి జానెడు నేల లేదు. జవాన్లంతా నిద్రపోయారు. కొత్తవాణ్ణి నేనొక్కణ్ణే మేలుకున్నాను.

పోర్ట్ బ్లెయిర్ గురించి ఎక్కువ చెప్పను, చాలామంది రాశారు. నౌకాదళం ఉత్క్రోశ్ స్థావరం, మామూలు విమానాశ్రయం ఒకే రన్‌వేను వాడుకుంటాయి. బజార్లో శ్రీకాకుళం యాస వినబడింది, అంతే.

అసలు ప్రయాణం మర్నాడు. దక్షిణంగా 270 కిలోమీటర్లు. లిటిల్ అండమాన్ దాటితే పది డిగ్రీల చానల్, దాని అవతల కార్‌నికోబార్. వాయుసేన వాళ్ల నోట్లో అది కార్‌నిక్. కొండల్లేని, అప్పడంలాంటి దీవి. సముద్రం అంచు వరకు కొబ్బరి చెట్లు, వాటి మధ్యనుంచి హఠాత్తుగా రన్‌వే. అక్కడ దిగే బయటివాడి దగ్గర ట్రైబల్ పాస్ ఉండాలి. ఆదిమ తెగల రక్షణ కోసం 1956లో చేసిన నిబంధన అది. ప్రభుత్వ పని మీద వచ్చినా సరే, పాస్ చూపించాకే ముందుకు. ఆ కట్టుబాటే లేకపోతే ఆ తీరం నిండా ఈపాటికి హోటళ్లు లేచేవి.

ఆ దీవి మీదికి సునామీ వచ్చింది 2004 డిసెంబరు 26, ఆదివారం. ఇళ్లలో చాలామంది ఇంకా మంచం దిగని వేళ భూమి కంపించింది, కాసేపటికే సముద్రం వచ్చింది. వైమానిక స్థావరంలో ఉన్న సిబ్బంది, వాళ్ల కుటుంబ సభ్యులు కలిపి 116 మంది పోయారు. చుట్టుపక్కల నికోబారీ ఊళ్లలో పోయినవాళ్లు ఇంకా ఎంతోమంది. మలక్కా వంటి తీరపు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. స్తంభాల మీద గుండ్రంగా, గడ్డి కప్పుతో కట్టుకునే ఇళ్ల స్థానంలో లోపలి నేల మీద రేకుల ఇళ్లు వచ్చాయి. మిగిలిన రన్‌వే ముక్క మీదే అప్పుడు సహాయ విమానాలు దిగాయి. పేర్లు చెక్కిన స్మారకం దగ్గర నిలబడ్డాను. కొన్ని పేర్లు భార్యలవి, కొన్ని పిల్లలవి.

స్టోర్ల లెక్కలు సరిపోయాయి. ఆ వివరాలు ఎవరికీ అక్కర్లేదు. సాయంత్రాలు కుర్రాళ్లు ఫుట్‌బాల్ ఆడేవారు. నికోబారీల ఆట చూస్తే మన ఊళ్లలో క్రికెట్టు పిచ్చి గుర్తొస్తుంది. అక్కడ కొబ్బరి తోట, పంది ఒక మనిషివి కావు, తుహెత్ అనే ఉమ్మడి కుటుంబానివి. సునామీ తర్వాత నష్టపరిహారం తలా ఒకరి పేర పంచే సర్కారు పద్ధతి వాళ్లకు ఇంకో తలనొప్పి తెచ్చిందని అక్కడి ఉపాధ్యాయుడొకరు చెప్పారు. లెక్కల మనిషిగా నాకది బాగా అర్థమైంది. మా పట్టికల్లో ఉమ్మడికి గడి ఉండదు.

తిరుగు ప్రయాణంలో నా పేరు జాబితాలోంచి పోయింది. బిషప్ రిచర్డ్‌సన్ ఆసుపత్రి నుంచి ఒక రోగిని పోర్ట్ బ్లెయిర్‌కి తరలించాలి. స్ట్రెచర్, తోడుగా డాక్టరు, ఆక్సిజన్ సిలిండర్లు. అవి సర్దేసరికి నా బరువు మిగిలిపోయింది. తర్వాతి కొరియర్ వచ్చేదాకా అక్కడే ఉన్నాను. కార్‌నిక్‌లో ఆ విమానం అంబులెన్సు, కూరగాయల బండి, తపాలా. దాన్ని సాహసయాత్ర అని చెప్పుకునేవాళ్లు అక్కడ ఆర్నెల్లు కాపురం చేసి చూడాలి.

2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ కొరియర్ ఉదయం ఎనిమిదిన్నరకు లేచింది. అదీ ఏఎన్-32. బంగాళాఖాతం మీద రాడార్ నుంచి మాయమైంది. అందులో 29 మంది. వాళ్లలో ఎనిమిది మంది మా విశాఖ నావల్ ఆర్మమెంట్ డిపో సివిలియన్ ఉద్యోగులు, నాలాగే డ్యూటీ ఉత్తర్వు మీద ఎక్కినవాళ్లు. ఎన్‌ఏడీ కూడలికి పేరిచ్చిన డిపో అదే. ఓడలు, విమానాలు వారాల తరబడి వెతికాయి. సెప్టెంబరులో, వాళ్లు మరణించినట్టే భావిస్తున్నామని ఇళ్లకు ఉత్తరాలు వచ్చాయి. ఏడేళ్లు దాటాక, 2024 జనవరిలో, ఆ విమాన శకలాల జాడ దొరికిందని రక్షణ శాఖ ప్రకటించింది. జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ పంపిన మనిషి లేని జలాంతర వాహనం వాటి ఫొటోలు తీసింది. చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున ఉన్నాయవి.