ఇంటికి వచ్చిన లండను కచేరీలు

సంగీతసభకు పోవుట మన స్త్రీలకు ఎన్నడును సులభమైన పని కాదు. వంట ముగియవలెను, పిల్లలు నిద్రింపవలెను, పెద్దలకు మందు లందింపవలెను. ఇవన్నియు తీఱి బయలుదేఱునప్పటికి సభలో మంగళము పాడుచుందురు. అట్టి మనకొఱకు సభయే యింటికి నడచివచ్చు నెలలు కొన్ని యున్నవి. వానిని గూర్చి వ్రాయుచున్నాను.

మేము లండను నగరపు శివారున కాపుర మున్నాము. ఇచ్చటి వేసవి మన రోహిణీకార్తె వంటిది కాదు. జూలైలో రాత్రి తొమ్మిది గంటలకు గాని ప్రొద్దు గ్రుంకదు. ఆ నెల నడుమ మొదలుకొని సెప్టెంబరు రెండవ వారము వఱకు రాయల్ ఆల్బర్టు హాలులో పాశ్చాత్య శాస్త్రీయ సంగీత సభలు జరుగును. వీనిని జనులు ప్రోమ్సు అందురు. ప్రొమెనేడు, అనగా విహారము, అను మాటకు అది కుఱుచరూపము. కుర్చీలలో గూర్చుండక నిలువబడియో నడయాడుచునో సంగీతము వినుట యని భావము. 1895వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన రాబర్టు న్యూమను అను నాతడు క్వీన్సు హాలునందు వీనిని ప్రారంభించి, హెన్రీ వుడ్డు అను యువకుని చేతికి వాద్యబృందము నప్పగించెను. నిలువబడి వినువారికి ఒక షిల్లింగు రుసుము. తినవచ్చును, త్రాగవచ్చును, పొగ పీల్చవచ్చును. పాట జరుగుచున్నప్పుడు మాత్రము అగ్గిపుల్లలు గీయవలదని వేడుకొనెడివారట! శ్రీరామనవమి పందిళ్లలో వేయించిన సెనగలు నములుచు కచేరీలు వినిన మనకు ఇది వింతగా తోచదు. బీదవాడును గొప్ప సంగీతము వినవలె నన్నదే ఆ యిరువురి సంకల్పము. అది నేటికిని చెడలేదు. 2024వ సంవత్సరమున గూడ ఎనిమిది పౌనులకే నిలువుచీటి దొరకెను.

1927లో బి.బి.సి. వారు ఈ సభల భారము వహించిరి. 1941 మే నెలలో జర్మనుల బాంబులకు క్వీన్సు హాలు కాలిపోగా సభలు ఆల్బర్టు హాలునకు మాఱెను. ఆ శిథిలములనుండి తీసిన హెన్రీ వుడ్డు ప్రతిమను ఏటేట సభాభవనమునకు దెచ్చి, కడపటి రాత్రి పూలమాల వంటి ఆకుల కిరీట ముంచుదురు. ఆ కడపటి రాత్రి కచేరీని 1947లో మొదటిసారి టెలివిజనులో చూపిరి. ఇప్పుడు సభలన్నియు రేడియోలో వినవచ్చును. డెబ్బదికి పైబడిన వానిలో కొన్నిటిని మాత్రమే టెలివిజనులో చూడనగును. ఆ కొన్నియే మా యింటి కథకు మూలము.

మా అత్తగారిది విజయనగరము. చిన్ననాట వీణ నేర్చినవారు. ద్వారము వెంకటస్వామినాయుడుగారు సంగీత కళాశాలకు అధ్యక్షులుగా నున్న ఆ పట్టణమున పుట్టినవారికి వాద్యముపై మనసు పోవుట సహజమే. వారి తండ్రిగారు బొబ్బిలినుండి ఒకే పనసదుంగలో తొలిచిన వీణను తెచ్చి యిచ్చిరట. పదునాఱవ యేట వివాహమయ్యెను. అత్తవారింట వీణ గోడకు వ్రేలాడెను, ఆ పిమ్మట పుట్టినింటికి తిరిగిపోయెను. ఈ సంగతి వారు నాకు ఎన్నడును చెప్పియుండలేదు. మా ఆడబిడ్డ చెప్పగా వింటిని.

2022 చలికాలమున అత్తగారు స్నానపుగదిలో జాఱిపడి తుంటియెముక విఱుగగొట్టుకొనిరి. ఎముక అతికినది గాని మాట తగ్గిపోయినది. కిటికీ వంక చూచుచు గూర్చుండెడివారు. ఏమి పెట్టినను "చాలునమ్మా" యనెడివారు. నాకు భయము వేసినది. అట్లుండగా మఱుసటి వేసవి యొక సాయంకాలము నేను టెలివిజను పెట్టితిని. వాద్యబృందములో ముప్పదిమంది ఫిడేళ్లు ఒక్కసారి కమాను లెత్తిరి. అత్తగారు తల త్రిప్పి, "ఇంతమంది ఒకే శ్రుతిలో నుండుటెట్లు?" అని అడిగిరి. నెలల తరువాత వారు నన్నడిగిన మొదటి ప్రశ్న యది.

ఆ దినము మొదలు ఆఱున్నరకే వంట ముగించుట నాకు వ్రతమయ్యెను. మావారు, "ఇంత పెందలకడ అన్నమేమి?" అని సణగిరి. కచేరీ ఏడున్నరకు, తాను చల్లారిన అన్నము తినునో, వేడి అన్నము తినునో తేల్చుకొమ్మంటిని. వారు వేడి అన్నమునే కోరుకొనిరి.

అత్తగారికి తాళమే పెద్ద చిక్కు. ఒడిలో చేయి వైచుచు పోవుదురు. అది నడుమ ఎక్కడనో మందగించును. "నిలుకడ లేని లయ" యని విసుగుకొందురు. ఒక్కొక్కరు ఒక్కొక్క స్వరము పలికించినను అన్నియు నొకటిగా కలిసి వచ్చుట వారికి మొదట రణగొణధ్వనిగా తోచినది. పదియవ కచేరీ నాటికి అడుగున మ్రోగు పెద్ద ఫిడేలును వేఱుపఱచి వినసాగిరి. రాగమును పట్టుకొనుటకు మాత్రము ఆశ విడిచిరి.

కెమేరాపై వారికి కోపము మెండు. వాద్యకారుని మొగము చూపెదరే గాని వ్రేళ్లు చూపరని ఫిర్యాదు. ఈ చూపుట వట్టి యాదృచ్ఛికము కాదు. దర్శకుడు ముందుగనే స్వరపుస్తకముపై ఏ చోట ఏ వాద్యమును చూపవలెనో గుర్తు పెట్టుకొనును. హాలు వెలుపల నిలిపిన వాహనములో నొకరు స్వరము చదువుచు ఆవృత్తములు లెక్కించుచుండ, ఇంకొకరు మీట నొక్కి చిత్రము మార్తురు. సభలో నున్నవాడు తన కిష్టమైన చోట చూచును. ఇంట నున్నవారి గడ్డము పట్టుకొని ఇటు చూడుము, అటు చూడుమని త్రిప్పుదురు. ఐనను నిలువుచీటి వానికి కానరాని చిటికెనవ్రేలు మనకు కానవచ్చును. టెలివిజనులో వినుట వినుటయే కాదను పండితులు, తుంటి విఱిగిన వృద్ధురాలిని మూడంతస్తుల మెట్లు దింపి చూచి అటుపై మాటాడవలెను.

ఆ హాలు ఎండనాడు మహా వేడి. 1974లో కార్మినా బురానా జరుగుచుండగా గాయకుడు థామసు అలెను సొమ్మసిల్లి పడిపోయెను. వినవచ్చిన యువగాయకు డొకడు, పాట్రిక్ మెకార్తీ యనువాడు, లోపలికి పోయి నేను పాడెదననెను, పాడెను గూడ! ఈ కథ అత్తగారికి మిక్కిలి నచ్చినది. "వినుటకు వచ్చినవానికి పాట వచ్చియుండుట మంచిదే" యనిరి.

2023 సెప్టెంబరు 9వ తేదీ కడపటి రాత్రి. ఆనాడు బృందమును నడపినది మారిన్ ఆల్సప్. 2013లో కడపటి రాత్రి చేతికఱ్ఱ పట్టిన మొదటి స్త్రీ యీమెయే. 1913లో హెన్రీ వుడ్డు తన బృందమున ఆఱుగురు స్త్రీలను చేర్చుకొనెను. ఆ నాటినుండి స్త్రీ యీ మెట్టెక్కుటకు సరిగా నూఱేండ్లు పట్టినదని లెక్క చెప్పితిని. అత్తగారు చాలసేపు చూచి, "ఆమె యత్తగారు ఊరకున్నదా?" అనిరి. నేను నవ్వితిని. వారు నవ్వలేదు.

కొంతసేపటికి సభ యంతయు లేచి తమ జాతీయగీతము పాడసాగెను. అంతలో నా ప్రక్కనుండి సన్నని గొంతు సంస్కృతములో వినవచ్చినది! ఆ వరుసకే ముత్తుస్వామి దీక్షితులవారు సంతతం పాహిమాం అను కృతి కట్టిరి. శంకరాభరణము, అత్తగారు వీణపై తొలుత నేర్చిన వానిలో నొకటి. వేసవి యంతయు దొరకని రాగము చివరి రాత్రి దొరికినది. దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి తెల్లవారియొద్ద ఫిడేలు నేర్చి మన కచేరీలోనికి తెచ్చినాడని నాకు తెలిసినదే. ఆ దారి మా యింటి ముందుగది మీదుగా పోవునని మాత్రము తలపలేదు.

మఱునాడు అత్తగారు కుమారుని పిలిచి, "మామయ్యకు ఫోను చేసి నా వీణ యున్నదో లేదో కనుగొనుము" అనిరి. అటకపై నున్నది. మెట్ల మైనము ఊడిపోయినది, తంత్రులు త్రుప్పుపట్టినవి. బొబ్బిలికి పంపి బాగుచేయించి, పెట్టెలో బిగించి తెప్పించుటకు ఏడు నెలలు పట్టెను. ఖర్చు చెప్పిన నవ్వెదరు. వ్రేళ్లపై పూర్వపు కాయలు లేవు. కీళ్లనొప్పిచే పది నిమిషములకు మించి వాయింపలేరు. "అరువదియైదేండ్లకు పైబడినదే, ఊరక వచ్చునా" యని తామే యందురు.

2024 జూలైలో సభలు మరల మొదలైనవి. నేను అన్నము పెట్టి, చేతులు తుడుచుకొని, టెలివిజను పెట్టితిని. ఆర్కెస్ట్రావారు శ్రుతి చేసికొనుచున్నారు. అత్తగారు వీణ ముందుంచుకొని, "ఆ శబ్దము కొంచెము తగ్గింపుమమ్మా, నేనును శ్రుతి చేసికొనవలెను" అనిరి.