వెతకని చోట దొరికిన మచ్చ

పిల్లల మెదడు స్కానింగ్‌లో వెతకనిది కనబడటం అరుదేమీ కాదు. మంచం మీంచి పడ్డాడనో, తలనొప్పి అంటోందనో, వయసుకు తగ్గ ఎత్తు లేదనో ఎంఆర్ఐ తీయిస్తారు. దేనికోసం తీయించారో అది ఉండదు. రిపోర్టు చివర్లో మాత్రం ఎవరూ అడగని ‘లీజన్’ (మచ్చ) అనే మాట ఒకటి ఉంటుంది. హైదరాబాద్‌లోని ఒక పెద్దాసుపత్రి పిల్లల న్యూరోసర్జరీ ఓపీకి మేం వెళ్లిన గురువారం, బెంచీల మీద ఆ మాట పట్టుకుని వచ్చినవాళ్లే చాలామంది.

నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో సుమారు పదేళ్ల పిల్లలు 3,966 మందికి పరిశోధన కోసం ఎంఆర్ఐ తీశారు. 2017లో ఆ ఫలితాలు వచ్చాయి. నూటికి పాతికమందికి పైగా ఏదో ఒకటి కనబడింది. వైద్యులు మళ్లీ చూడాల్సి వచ్చింది 0.43 శాతాన్నే. కణితి అని అనుమానించినవి ఏడు. అన్నిటికంటే ఎక్కువ కనబడ్డవి పీనియల్ గ్రంథిలోని చిన్న తిత్తులు. చాలావరకు వీటిని పట్టించుకోనక్కర్లేదు. ఈ అంకెల్ని ఓపీ గోడకు అంటిస్తే బెంచీల మీది భయం సగం తగ్గుతుంది.

ఆ ఓపీలో డాక్టరమ్మ ముందుగా స్కాన్ కవరు విప్పదు. పిల్లాణ్ని గీత మీద నడిపిస్తుంది, కళ్ల లోపల లైటు వేసి చూస్తుంది, ఎత్తు కొలిపిస్తుంది. తర్వాత చొక్కా పైకెత్తి వీపంతా వెతుకుతుంది. కాఫీరంగు మచ్చలు ఆరు, అంతకు మించి ఉంటే న్యూరోఫైబ్రోమాటోసిస్ అనే జన్యువ్యాధిని అనుమానించాలి. ఆ పిల్లల మెదడులో స్కాన్‌లో తెల్లగా మెరిసే మచ్చలు మామూలే. వయసుతోపాటు అవి చాలావరకు మాసిపోతాయి. అంటే మెదడులో మచ్చకు అర్థం ఒక్కోసారి వీపు మీద దొరుకుతుంది.

ఆ తర్వాతే తెర మీద బొమ్మలు. ఏడేళ్ల బాబుకు ఎడమ కణత లోపల అరాక్నాయిడ్ తిత్తి. జనం భాషలో నీటిబుడగ. మెదడు చుట్టూ ఉండే నీరు ఏ బొమ్మలో ఎలా కనబడితే ఇదీ అలాగే ఉండాలి. దీన్ని పోలిన ఎపిడెర్మాయిడ్ కణితి అయితే డిఫ్యూజన్ అనే రకం ఎంఆర్ఐ బొమ్మలో తెల్లగా వెలిగి పట్టుబడిపోతుంది. తిత్తి ఉన్న పిల్లాడికి తలనొప్పి వచ్చినంత మాత్రాన అది తిత్తి వల్లేనని చెప్పలేం. తలలో ఒత్తిడి పెరిగే గుర్తులు లేకపోతే కత్తి అక్కర్లేదు. అరుదుగా, గట్టి దెబ్బ తగిలినప్పుడు తిత్తి చుట్టూ రక్తం చేరొచ్చు. ఆ సంగతి తల్లిదండ్రులకు ముందే చెబుతారు.

గొడుగు ఊచల్లా విచ్చుకున్న సిరల అమరిక కనబడితే ముట్టుకోకూడదు. చూపుకు వింతగా ఉన్నా పక్కనున్న మంచి మెదడు రక్తాన్ని బయటికి తీసుకెళ్లేది అదే.

మన దేశపు స్కాన్లలో ఇంకో అతిథి ఉంటుంది. అది సున్నం కట్టిన చుక్క, ఎక్కువగా ఎప్పుడో చచ్చిపోయిన బద్దెపురుగు పిల్ల తాలూకు గుర్తు. మూర్ఛతో వచ్చిన పిల్లల్లో ఇలాంటి చిన్న గడ్డల్ని ఒకప్పుడు క్షయ గడ్డలనుకుని నెలల తరబడి టీబీ మందులు వాడేవారు. వాటిలో చాలావరకు పురుగు వల్ల వచ్చినవేనని వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో చాందీ, వేదాంతం రాజశేఖర్ బృందం తేల్చింది. ఎండిపోయిన చుక్కకు పురుగుల మందు పనిచేయదు. చంపడానికి అక్కడ పురుగే లేదు.

అసలు తర్జనభర్జన కణితిలా కనబడే చిన్న మచ్చల దగ్గర. పెద్దల్లో మాదిరిగా కాక, పిల్లల్లో నెమ్మదిగా పెరిగే గ్లియోమా అనే కణితులు ప్రాణాంతకంగా మారడం తక్కువ. అందుకే చిన్నదై, పక్క మెదడును నొక్కకుండా, కాంట్రాస్ట్ మందుకు వెలగకుండా ఉంటే సాధారణంగా మూడు నెలలకోసారి, ఆ తర్వాత ఆరు నెలలకు, పిమ్మట ఏడాదికోసారి స్కాన్ తీస్తూ కనిపెట్టుకుని ఉంటారు. పెరిగినా, కొత్తగా వెలిగినా, మూర్ఛలు వచ్చినా ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. నడిమెదడు వెనక మచ్చ నీటిదారిని మూసేస్తే ఎండోస్కోపుతో వేరే దారి తెరిచి, మచ్చను అలాగే వదిలేయడమూ ఉంది.

ఆరోజు ఒక తల్లి అడిగింది: “కోసి తీసేస్తే పోదా మేడమ్?”

“పోతుందమ్మా. పక్కన మాట్లాడే చోటుంది, పాప మాట కూడా పోవచ్చు.”

ఆమె కాసేపు పాప జడ సవరిస్తూ ఉండిపోయి, మళ్లీ ఎప్పుడు రమ్మంటారని అడిగింది.

స్కాన్‌ను ఎప్పుడూ క్రితంసారి దానితోనే పోల్చడం పెద్ద పొరపాటు. ఏడాదికి మిల్లీమీటరు చొప్పున పెరిగేది పక్కపక్క బొమ్మల్లో దొరకదు. అన్నిటికంటే పాతదాని పక్కన పెడితేనే తెలుస్తుంది. ఇళ్లు మారినా, ఆసుపత్రి మారినా మొదటి స్కాన్ సీడీ పారేయకండి. పొద్దున్నే వాంతులు, కొత్తగా మెల్లకన్ను, తూలే నడక, మూర్ఛ కనిపిస్తే మాత్రం రాసిచ్చిన తేదీ దాకా ఆగొద్దు.